మీ పేరు పెట్టుకుని ఎవడో మెయిల్ పంపుతుంటే

ప్రశ్న: అన్నయ్య గారూ, మా అత్తగారి కాలం నుంచి బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాం. మూడేళ్ల క్రితం మా అబ్బాయి మా బ్రాండు పేరుతో డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మా సొంత చిరునామా, కొని, దాని మీద మెయిల్ పెట్టాడు. పోయిన నెల విశాఖలో మా పాత పార్టీ ఒకాయనకి, మా అడ్రస్ నుంచే, ‘బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకి వేయండి’ అని మెయిల్ వెళ్లింది. ఆయన 62,400 రూపాయలు కట్టేశారు. ఆ మెయిల్ మేం పంపలేదు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాం. అయినా పది రోజుల తర్వాత రాయపూర్ షాపుకి కూడా అలాంటిదే వెళ్లింది, అదృష్టం కొద్దీ వాళ్లు ఫోన్ చేసి అడిగారు. హోస్టింగ్ వాళ్లకి, అంటే మా వెబ్‌సైట్ పెట్టిన కంపెనీకి, ఫోన్ చేస్తే ‘డీఎన్ఎస్‌లో రికార్డులు పెట్టుకోండి’ అని ఒడియాలో ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ఆ రికార్డులేంటి? మా అడ్రస్‌తో ఇంకెవరూ పంపకుండా ఆపగలమా? విశాఖ ఆయన మా మీదే అనుమానంగా మాట్లాడుతున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: అమ్మా, రికార్డుల సంగతి తర్వాత, ముందు ఆ 62,400 సంగతి. విశాఖ ఆయన 1930కి ఫోన్ చేశారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆయనకి ఫోన్ కొట్టండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, దేశమంతటికీ ఒకటే నంబరు. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెబితే అవతలి ఖాతాలో సొమ్ము ఆపించే అవకాశం ఎక్కువ. నెల గడిచిందంటే ఆ ఆశ బాగా తగ్గిపోయినట్టే, అబద్ధం చెప్పను, అయినా ఫిర్యాదు మాత్రం ఉండాలి. డబ్బు వెళ్లింది ఆయన ఖాతాలోంచి కాబట్టి ఆయన విడిగా ఇవ్వాలి, మీ పేరు వాడుకున్నారు కాబట్టి మీరు విడిగా ఇవ్వాలి, ‘మన డబ్బు పోలేదు కదా’ అని మీరు ఊరుకోవద్దు. కంప్యూటర్ అడ్డం పెట్టుకుని ఇంకొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఫిర్యాదు నంబరు మీ చేతిలో ఉంటే విశాఖ ఆయనతో మాట్లాడే తీరు కూడా మారుతుంది.

ఇక అసలు ప్రశ్న. మీ అడ్రస్‌తో వేరేవాడు మెయిల్ ఎలా పంపాడు? చాలా సులువుగా పంపాడు. మీ పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు, మీ కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. పోస్టుకార్డు మీద ‘పంపినవారు’ అన్నచోట మనం ఎవరి పేరు రాసినా పోస్టుమాన్ ఆగి అడగడు కదా, ఈమెయిల్ కూడా అలాగే పుట్టింది. ఒక సర్వర్ (మెయిళ్లు పంపి, అందుకునే కంప్యూటర్) నుంచి ఇంకో సర్వర్‌కి మెయిల్ చేరవేసే పద్ధతి, ఎస్ఎంటీపీ అంటారు దాన్ని, 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టాడు. అప్పట్లో ఆ నెట్‌వర్క్ మీద ఉన్నవి ఎక్కువగా యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. ‘నువ్వు నిజంగా నువ్వేనా’ అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. మనం ఇప్పుడు చేసే మరమ్మతంతా ఆ పాత గోడకి తర్వాత కొట్టుకున్న గొళ్ళేలే.

మీ ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు ఎన్ని పులివేషాలు, ఎన్ని దేవుడి వేషాలు రోడ్డెక్కుతాయో మీకు నేను చెప్పాలా? రాజు వేషం కట్టినవాణ్ని నీ రాజ్యమెక్కడ అని ఎవరూ అడగరు, అక్కడ అది మొక్కు. ఇక్కడ మీ వేషం కట్టినవాడు ఏకంగా బిల్లు చేతికిచ్చి డబ్బు పట్టుకుపోతున్నాడు.

ఇక్కడొక చిన్న మెలిక ఉంది, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. ప్రతి మెయిల్‌లోనూ పంపినవారి అడ్రస్ రెండుచోట్ల ఉంటుంది. ఒకటి కవరు మీద, అది సర్వర్లు తమలో తాము చూసుకునేది, మనకి మామూలుగా కనపడదు. రెండోది లోపల ఉత్తరం పైన, ‘ఫ్రమ్’ అని కనిపించేది. మనుషులు నమ్మేది ఈ రెండోదాన్నే. ఈ రెండూ ఒకటే అయ్యుండాలని పాత పద్ధతిలో ఏ రూలూ లేదు. కవరు మీద వాడి సొంత అడ్రస్, లోపల లెటర్‌హెడ్ మీ అప్పడాల కంపెనీది. అంతే.

అయితే మీ విషయంలో జరిగింది ఇదేనా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇలాంటి మోసాలు మూడు రకాలుగా జరుగుతాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. నేను చెప్పినట్టు అడ్రస్ ఫోర్జరీ చేయడం ఒకటి. మీ మెయిల్‌బాక్స్‌లోకే దూరి అందులోంచి పంపడం ఇంకోటి. మూడోది మీ డొమైన్‌లా కనిపించే ఇంకో డొమైన్ కొనడం, ఇంగ్లీషు స్పెల్లింగులో ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద చత్వారం కళ్లకి తేడా తెలుస్తుందా చెప్పండి.

తేల్చడానికి విశాఖ ఆయన దగ్గరున్న అసలు మెయిల్ కావాలి. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వద్దు, మీకు ఫార్వర్డ్ చేసినా పనికిరాదు, ఫార్వర్డ్ చేస్తే లోపలి వివరాలు పోతాయి. ఆయన జీమెయిల్ వాడుతుంటే కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, పక్కనున్న మూడు చుక్కల మీద నొక్కి, ‘షో ఒరిజినల్’ అన్నది ఎంచుకుని, ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసి అటాచ్‌మెంట్‌గా పంపమనండి. ఆ పేజీ పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు తనిఖీల పేర్లు (అవేంటో కింద చెబుతాను), పక్కన పాస్, ఫెయిల్ అని ఫలితాలు ఉంటాయి, అసలు రికార్డులే లేకపోతే కొన్ని పేర్లు కనపడకపోవచ్చు కూడా. అన్నీ పాస్ అయ్యి, డొమైన్ అక్షరం అక్షరం మీదే అయితే ఫోర్జరీ కాదు, ఎవడో మీ మెయిల్‌బాక్స్‌లో కూర్చున్నాడు. ‘రిప్లై టు’ అనే వరుస కూడా చూడండి. ఫ్రమ్‌లో మీ అడ్రస్ ఉండి రిప్లై టులో ఎవడిదో ఉచిత మెయిల్ అడ్రస్ ఉంటే, ఆయన ‘సరే, వేస్తున్నా’ అని రాసిన జవాబు మీకెందుకు రాలేదో అర్థమైపోతుంది.

పాస్‌వర్డ్ మార్చాక కూడా మళ్లీ జరిగిందంటున్నారు, అంటే ఫోర్జరీ అనే నా అనుమానం. కానీ ఒక్కటి నన్ను తొలుస్తోంది. మీ పార్టీలు ఎవరో, విశాఖలో ఎవరు, రాయపూర్‌లో ఎవరు అన్నది వాడికెలా తెలిసింది? మీ వెబ్‌సైట్‌లో ‘మా డీలర్లు’ అని జాబితా పెట్టారేమో చూడండి. లేకపోతే మాత్రం మెయిల్‌బాక్స్ సెట్టింగులు తెరిచి ఫిల్టర్లు, ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ చూడండి, ‘పేమెంట్’ అన్న మాటున్న ప్రతి మెయిలూ బయటి అడ్రస్‌కి పోయేలా ఎవడైనా పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినా అలాంటి ఫిల్టరు అలాగే ఉండిపోతుంది. అది తీసేసి, లాగిన్ అయి ఉన్న పరికరాలన్నిటినీ లాగౌట్ చేసి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి.

సరే, రికార్డులు. డీఎన్ఎస్ అంటే ఇంటర్నెట్‌కి ఉన్న చిరునామాల చిట్టా, మీ డొమైన్ పేరు కింద ఏం రాయాలో అది మీ చేతిలో ఉంటుంది, ఇంకెవరూ రాయలేరు. మీ అడ్రస్‌ని కాపాడేదంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది: ఫ్రమ్ అని ఎవడైనా రాసుకోవచ్చు, కానీ మీ డొమైన్ చిట్టాలో మీరు మాత్రమే రాయగలరు. అందుకని మెయిల్ అందుకునే సర్వర్ ఆ చిట్టా చూసి సరిపోల్చుకుంటుంది. ఈ రాసే పేజీ మీ డొమైన్ కొన్న కంపెనీ లాగిన్‌లో ఉండొచ్చు, హోస్టింగ్ దగ్గర ఉండొచ్చు, నేమ్ సర్వర్ (మీ చిట్టా ఉండే కంప్యూటర్) ఎవరిది పెట్టారో అక్కడుంటుంది, మీ అబ్బాయికి తెలుస్తుంది. పెట్టేవి టీఎక్స్‌టీ రకం రికార్డులు, అంటే ఆ చిట్టాలో రాసే మామూలు అక్షరాల వరుసలు.

మొదటిది ఎస్‌పీఎఫ్. మా డొమైన్ తరఫున మెయిల్ పంపే హక్కున్న సర్వర్లు ఇవి అని ఒక పట్టీ. ఇప్పుడున్న రూపం 2014లో ఖాయమైంది. మీకు మెయిల్ సర్వీస్ ఇచ్చే కంపెనీ సహాయ పేజీలోనే ఆ వరుస రాసి ఉంటుంది, అది తెచ్చి అతికించాలి. కానీ అతికించే ముందు కూర్చుని లెక్క రాయండి, మీ అడ్రస్‌తో మెయిల్ పంపేవి ఏమేమున్నాయి? మెయిల్ కంపెనీ ఒకటి, వెబ్‌సైట్‌లో ఆర్డరు పెడితే వెళ్లే కన్ఫర్మేషన్ ఒకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇన్‌వాయిస్ వెళ్తుంటే అదొకటి, పండగలకి అందరికీ ఆఫర్లు పంపే సర్వీసేదైనా వాడితే అదొకటి. అన్నీ ఒకే రికార్డులో ఉండాలి. చాలామంది చేసే తప్పు, కొత్త సర్వీసు తీసుకున్నప్పుడల్లా కొత్త ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టేయడం. ఒక డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుంటే తనిఖీ చేసే సర్వర్ రెండిటినీ తప్పుగానే లెక్కేస్తుంది. ఇంకోటి, ఆ పట్టీ చదవడానికి సర్వర్ పదిసార్లకి మించి డీఎన్ఎస్‌ని అడగదు, కాబట్టి వాడనివాటిని తీసేయండి. చివర ‘ఆల్’ అనే మాట ముందు ~ గుర్తు ఉంటే ‘మిగతావాళ్లని అనుమానించండి’ అని, - గుర్తు ఉంటే ‘మిగతావాళ్లు మావాళ్లు కాదు’ అని. మొదట ~ పెట్టుకోండి చాలు.

ఎస్‌పీఎఫ్ పెట్టేసి పనైపోయిందనుకునేవాళ్లు చాలామంది. కాలేదు. అది తనిఖీ చేసేది కవరు మీది అడ్రస్‌ని, లోపలి ఫ్రమ్‌ని కాదు. వాడు కవరు మీద తన సొంత డొమైన్ రాసుకుని, దానికి చక్కగా ఎస్‌పీఎఫ్ కూడా పెట్టుకుని, లోపల మీ పేరు రాస్తే ఎస్‌పీఎఫ్ నిక్షేపంగా పాస్ అవుతుంది. దానికి తోడు, మీ పార్టీ ఎవరైనా పాత అడ్రస్‌కి వచ్చిన మెయిల్ తనంతట తనే జీమెయిల్‌కి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటే, మీరు పంపిన నిజమైన మెయిల్ మధ్యలో ఇంకో సర్వర్ చేతులు మారి అక్కడ ఎస్‌పీఎఫ్ ఫెయిలవుతుంది.

అందుకే రెండోది, డీకిమ్. ఇది ముద్ర. మీ మెయిల్ సర్వర్ దగ్గర ఒక రహస్య తాళంచెవి ఉంటుంది, దాంతో బయటికెళ్లే ప్రతి మెయిల్ మీద సంతకం పెడుతుంది, ఆ సంతకం సరైనదో కాదో చూడ్డానికి కావలసిన రెండో తాళంచెవి డీఎన్ఎస్‌లో అందరికీ కనపడేలా ఉంటుంది. దారిలో ఎవరైనా సంతకం కింద ఉన్న మాటల్ని, అంటే ఉదాహరణకి ఖాతా నంబరుని, మారిస్తే సంతకం చెల్లదు. మామూలు ఫార్వర్డింగ్‌కి ఇది చెక్కుచెదరదు, అందుకే ఎస్‌పీఎఫ్ ఒక్కటే కాకుండా ఇది కూడా కావాలి. మెయిల్ కంపెనీ కంట్రోల్ పేజీలో డీకిమ్ ఆన్ చేస్తే వాళ్లే ఒక పొడుగాటి అక్షరాల చాంతాడు ఇస్తారు, అది యథాతథంగా డీఎన్ఎస్‌లో పెట్టాలి, మధ్యలో ఒక్క అక్షరం ఎగిరిపోయినా పనిచేయదు. తాళంచెవి సైజు అడిగితే 2048 ఎంచుకోండి. సైజు ఎందుకంటే, 2012లో ఒక అమెరికన్ గణితం మనిషి గూగుల్ వాళ్ల డీకిమ్ తాళంచెవి 512 బిట్లే ఉందని చూసి, దాన్ని ఛేదించి, గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరి పేరుతో ఇంకొకరికి మెయిల్ పంపాడు, వాళ్లు చప్పుడు చేయకుండా తాళంచెవి మార్చుకున్నారు. అంతటివాళ్లకే అలా అయితే మనమెంత!

మూడోది డీమార్క్, అసలు కాపలాదారు ఇదే. 2012లో మొదలై 2015లో పద్ధతి ప్రకారం అచ్చయింది. ఇది చూసేది మనిషికి కనిపించే ఫ్రమ్‌ని. ఎస్‌పీఎఫ్ పాసైనా, డీకిమ్ పాసైనా, ఆ పాసైన డొమైన్ ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ ఒకటే అయితేనే ఒప్పుకుంటుంది. పైన చెప్పాను చూడండి, కవరు ఒకడిది లెటర్‌హెడ్ ఇంకొకరిది అని, ఆ మెలిక విప్పేది ఇక్కడే. ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా మీరే రాస్తారు. ‘నన్’ అంటే ఏమీ చేయొద్దు, నాకు రిపోర్టు పంపండి చాలు అని. ‘క్వారంటీన్’ అంటే స్పామ్‌లో పడేయండి అని. ‘రిజెక్ట్’ అంటే గుమ్మంలోంచే తిప్పి పంపండి అని.

ఇక్కడ నేను స్వయంగా తిన్న దెబ్బ చెబుతాను. కొన్నేళ్ల క్రితం రాయగడ వైపు ఒక రైస్ మిల్లులో లెక్కలు, కంప్యూటర్లు చూసేవాణ్ని. ఈ డీమార్క్ గురించి చదివి ఉత్సాహం ఆగక, ఒక శనివారం సాయంత్రం నేరుగా రిజెక్ట్ పెట్టేసి ఇంటికి పోయాను. మా బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్ వేరే సర్వర్ నుంచి పంపుతుందన్న సంగతి మర్చిపోయాను. పార్టీల దగ్గర మా బిల్లులన్నీ వెనక్కి తిరిగాయి, తిరిగిన సంగతి కూడా మాకు తెలియలేదు, ఎందుకంటే కవరు మీద ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల అడ్రస్ ఉంది, తిరుగు టపా వాళ్లకే పోయింది. రెండు వారాలు మా సేఠ్ ‘పార్టీలు డబ్బులు ఎగ్గొడుతున్నాయి’ అని అందరి మీదా అరిచాడు. తర్వాత అరుపులన్నీ నా మీదకి తిరిగాయి, న్యాయమే.

కాబట్టి మీరు నన్‌తో మొదలుపెట్టండి, రిపోర్టులు ఏ అడ్రస్‌కి రావాలో రాయండి, రోజూ చూసే మెయిల్ కాకుండా వేరేది పెట్టండి, ఎందుకంటే రోజుకొకటి చొప్పున గూగుల్ నుంచి, మైక్రోసాఫ్ట్ నుంచి ఎక్స్ఎంఎల్ ఫైళ్లు వచ్చి పడతాయి. చూడగానే భయపడేలా ఉంటాయి, అందులో ఉండేది మాత్రం ఏ సర్వర్ నుంచి మీ పేరుతో ఎన్ని మెయిళ్లు వెళ్లాయి, పాసా ఫెయిలా అన్నంతే. చదివి పట్టికలా చూపించే ఉచిత పేజీలు ఉన్నాయి. అందులో మీవే అయ్యుండి ఫెయిలవుతున్నవి ఏవో పట్టుకుని ఎస్‌పీఎఫ్‌లోనో డీకిమ్‌లోనో సరిచేయండి. మూడు నాలుగు వారాలు చూసి, మీవన్నీ పాసవుతున్నాయని నమ్మకం కుదిరాక క్వారంటీన్, ఇంకో రెండు మూడు వారాలకి రిజెక్ట్.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నన్ దగ్గర. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి డీమార్క్ తప్పనిసరి చేశాయి, జీమెయిల్ లెక్కలో అది రోజుకి 5,000 పైమాట, అయితే నన్ పెట్టినా సరిపోతుంది. దాంతో మొక్కుబడిగా నన్ పెట్టి ‘మాకు డీమార్క్ ఉంది’ అని చెప్పుకునే కంపెనీలు ఎన్నో. నన్ అంటే సీసీ కెమెరా ఉండి తలుపుకి గడియ లేనట్టు. దొంగ ఎవడో రిపోర్టులో కనిపిస్తాడు, మీ పార్టీ డబ్బు మాత్రం పోతుంది. మీ అబ్బాయి మూడేళ్ల క్రితమే ఏదైనా పెట్టి ఉంటే అది నన్ దగ్గరే ఉందేమో ముందు చూడండి.

మీ బ్రాండు పేరుకి దగ్గరగా ఇంకో డొమైన్ కొని వదిలేసి ఉంటే దాన్నీ మర్చిపోకండి. దాంతో మెయిలే పంపరు కాబట్టి అక్కడ ఆలస్యం అక్కర్లేదు, ఎవరికీ హక్కు లేదు అని ఎస్‌పీఎఫ్, రిజెక్ట్ అని డీమార్క్ ఈరోజే పెట్టేయొచ్చు. డొమైన్ రెన్యువల్ తేదీ మాత్రం గోడ క్యాలెండరు మీద పెద్దగా రాసుకోండి. గడువు దాటిపోయి ఇంకొకడు కొన్నాడంటే వాడు ఫోర్జరీ చేయనక్కర్లేదు, అధికారికంగా మీరే అయిపోతాడు.

ఇంత చేసినా ఆగనిదేంటో కూడా వినండి, లేకపోతే రేపు నన్ను తిట్టుకుంటారు. ఎమ్ బదులు ఆర్ ఎన్ పెట్టి కొన్న డొమైన్‌ని మీ డీమార్క్ ఏమీ చేయలేదు, అది వాడి డొమైన్. ఎవడో ఉచిత మెయిల్ అడ్రస్ తీసుకుని పేరు దగ్గర మాత్రం మీ కంపెనీ పేరు రాసుకుంటే దాన్నీ ఆపలేదు, ఫోన్‌లో చాలాసార్లు పేరు ఒక్కటే కనపడుతుంది, అడ్రస్ కనపడదు. పైగా అందుకునే సర్వర్ ఈ తనిఖీలు అసలు చేయకపోతే మీ రిజెక్ట్ గాలికి పోయినట్టే, పెద్ద కంపెనీలన్నీ చేస్తాయి గానీ.

అందుకని పార్టీలందరికీ ఫోన్ చేసి, అవును, మెయిల్ కాదు ఫోన్, ఒకే మాట చెప్పండి: మా ఖాతా మారితే మెయిల్‌లో చెప్పం, మీ దగ్గరున్న పాత నంబరు నుంచి మా ఇంట్లో మనిషే మాట్లాడతారు, మెయిల్‌లో కొత్త ఫోన్ నంబరు ఇస్తే దానికి చేయొద్దు. ఇదే మాట ఇన్‌వాయిస్ అడుగున తెలుగులో, హిందీలో అచ్చేయించండి, రాయపూర్ వాళ్లకి తెలుగు రాదు కదా. డబ్బు వేసే ముందు ఖాతాదారు పేరు చూడమనండి, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో ఆ పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 కల్లా బ్యాంకులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఒడిశా జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, మీ పేరుతో వచ్చిన బిల్లు మీద వేరే అంకె ఉంటే అక్కడే ఆగమనండి.

విశాఖ ఆయన అనుమానం గురించి. ఆయన మీద కోపం పెట్టుకోకండి, ఆయన చూసింది మీ అడ్రస్‌నే కదా. ఆ ఒరిజినల్ ఫైలు మీకు ఎంత అవసరమో ఆయనకి కూడా అంతే అవసరం, రెండు ఫిర్యాదులకీ అదే జత చేయాలి. నష్టం ఎవరు భరించాలన్నది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సిందే, అది మెయిల్‌బాక్స్‌లోంచి వెళ్లిందా ఫోర్జరీనా అన్నదాన్ని బట్టి మాట తీరు మారుతుంది, కాబట్టి ఫైలు చూడకముందే సగం నేను కడతానని మాత్రం అనేయకండి.

ఫైలు వచ్చాక అందులో ఫ్రమ్, రిప్లై టు, ఆ మూడు పాస్ ఫెయిళ్లు, ఈ ఐదు వరుసలు మాత్రం రాసి మళ్లీ పంపండి, ఖాతా నంబర్లూ ఫోన్ నంబర్లూ కొట్టేసి. చూసి చెబుతాను.